ఏర్పేడు చేనులో ఒక బిళ్ల కోసం

తిరుపతి వెళ్లొచ్చానని చెప్పగానే మా తెనాలి వీధిలో అందరూ అడిగిన మొదటి మాట, లడ్డు ఏది అని. తేలేదన్నాను. దర్శనం బాగా అయిందా అన్నారు. కొండెక్కలేదన్నాను. ఆ తర్వాత వాళ్లు నన్ను చూసిన చూపు గురించి రాయను. తిరుపతిదాకా పోయి కొండెక్కకుండా తిరిగొచ్చిన మనిషిని మా వీధి ఇంతవరకు చూడలేదు. అందుకే ఇది రాస్తున్నాను. నేను వెళ్లింది దేవుడి కోసం కాదు, బొటనవేలి గోరంత లోహపు ముక్క కోసం.

నేను బెంగుళూరులో విమాన ఇంజన్లు తయారుచేసే చోట పని చేస్తాను. ఇంజను లోపల తిరిగే బ్లేడ్లు ఎందుకు వణుకుతాయి, ఆ వణుకును ఎట్లా ఆపాలి అన్నదే నా పని. నిరుడు మా ఇంజను బిగించిన ఒక చిన్న విమానం ఏర్పేడు అవతల చేలల్లో కూలిపోయింది. నడిపిన కుర్రాడు పోయాడు. టర్బైనులో ఒక బ్లేడు మొదలంటా విరిగిందని ముక్కలు చూడగానే తెలిసింది. ఎందుకు విరిగిందన్నదే తేలలేదు.

బ్లేడంటే అరచేతిలో పట్టే లోహపు ఆకు. నిప్పులాంటి గాలి దాన్ని కొడుతూ ఉంటే వణుకుతుంది. ఆ దెబ్బలు దాని సొంత ఊపుతో కలిశాయంటే వణుకు పెరిగిపోతుంది, ఉయ్యాల వెనక్కి వచ్చిన ప్రతిసారీ సరిగ్గా అప్పుడే తోసినట్టు. తోసే చెయ్యి ఆగకపోతే ఏదో ఒకనాడు మొదట్లో పగులు పుడుతుంది. అలా కాకూడదని పక్కపక్క బ్లేడ్ల నడుమ, కింది వైపు, ఒక్కో చిన్న ముక్క పెడతారు. పైన రెండు వాలులు, కింద చదును, పెంకుటింటి కప్పు ఆకారం. ఇంజను తిరిగేటప్పుడు అది పైకి ఎగదన్ని రెండు బ్లేడ్లకూ ఆనుకుని రాసుకుంటుంది. ఆ రాపిడే వణుకును తినేస్తుంది. మా ఫ్యాక్టరీ షాపులో దాన్ని బిళ్ల అంటారు.

ఈ బిళ్లతో ఒక చిక్కుంది. తలకిందులుగా పెట్టినా గాడిలో బుద్ధిగా కూర్చుంటుంది. పైనుంచి చూస్తే తేడా తెలియదు. కానీ అప్పుడు వాలులు ఆనవు, చదును అంచులు మాత్రం ఊరికే తగులుతాయి, వణుకు ఆగదు. రెండు రకాలుగా పట్టే వస్తువును గీసిన మహానుభావులెవరోగాని వాళ్లకు ప్రమోషన్లు వచ్చాయి. చేత్తో పెట్టినవాడు సస్పెండయ్యాడు.

అతని పేరు ఏకాంబరం. నగరి మనిషి. ముక్కలు ఏరినప్పుడు అన్ని బిళ్లలూ దొరికాయి, విరిగిన బ్లేడు కింది బిళ్ల తప్ప. అది తలకిందులుగా పెట్టి ఉంటాడని విచారణ కమిటీ ఊహ. బిళ్ల దొరికితే ఊహలతో పని లేదు. రాసుకున్న చోట నువ్వుగింజంత నల్లమచ్చ పడుతుంది. మచ్చ వాలుల మీద ఉంటే ఏకాంబరం సరిగ్గా పెట్టినట్టు. చదును అంచుల మీద ఉంటే ఆ కుర్రాడి చావు ఇతని చేతి మీదుగా జరిగినట్టు.

ఒకరోజు ఆఫీసుకు ఫోను వచ్చింది. "మేడం, మా ఊరి గుడ్డల వ్యాపారి ఏర్పేడు పక్క పల్లెల్లో లుంగీలు అమ్మతాడు. ఆడ యవరో విమానం ముక్కలకి పూజ సేస్తా ఉండారంట," అన్నాడు ఏకాంబరం. పైవాళ్లకు చెబితే, పూజలూ పునస్కారాలూ మనకెందుకన్నారు. నేను సెలవు పెట్టాను.

చిత్తూరు

బెంగుళూరు నుంచి వచ్చే బస్సులో నా పక్కన ఒక పెద్దావిడ కూర్చుంది. బుట్టలో తోతాపురి మామిడికాయలు, ఒళ్లో తమలపాకుల సంచి. ఏ ఊరని అడిగింది, గుంటూరు వైపన్నాను. ఏం పని చేస్తావని అడిగింది. విమానాల ఇంజన్ల పనమ్మా అన్నాను.

"నడపతావా?"

"లేదమ్మా, అవి విరక్కుండా చూస్తాను."

"అయితే విరగవా?"

కిటికీ వైపు తిరిగాను. ఆవిడ నొచ్చుకుందేమోనని భయపడ్డాను గాని, కాసేపటికి ఒక కాయ కోసి ఉప్పూ కారం అద్ది చేతిలో పెట్టింది. పుల్లకాయ మేమూ తింటాం, కాని చిత్తూరు కారం వేరు. కళ్లనీళ్లు పెట్టుకున్నాను. "గుంటూరోళ్లు గదా, ఏమయిపోయినాది మీ కారం?" అని ఆవిడ నవ్వింది. మా జిల్లా పరువు ఆ బస్సులోనే పోయింది.

బస్టాండు దగ్గర మెస్సులో రాగి సంగటి తిన్నాను. ముద్ద మధ్యలో గుంట చేసి చెనిక్కాయ ఊరిబిండి వేశారు. మా వైపు దాన్ని వేరుశెనగ పచ్చడని నాలుగు మెతుకులకు నంజుకుంటాం, ఇక్కడ అదే కూర. నేను కొరికి నమలబోతే ఎదుటి బల్లమీదాయన ఆపాడు. "నమలకూడదు మేడం, మింగల్ల." మింగాను. గొంతులో రాయి దిగినట్టు దిగింది.

అప్పుడే సర్వరు చేతిలోంచి ఒక స్టీలు పళ్లెం జారి కిందపడింది. గింగిరాలు తిరుగుతూ చెవులు చిల్లులుపడేలా మోగింది. ఆ మింగమన్న ఆయనే కాలు చాచి దాని అంచు మీద చెప్పు ఆనించాడు. మోత ఠక్కున ఆగింది. మా బిళ్ల చేసే పని అంతే. సరైన చోట, సరైనంత బరువుతో, ఏదో ఒకటి ఆనాలి. అది ఆనకనే ఒక పిల్లవాడు పోయాడేమోనని గుర్తొచ్చి మిగతా సంగటి తినలేకపోయాను.

నగరి

నగరిలో దిగితే మొదట వినపడేది మరమగ్గాల చప్పుడు. వీధి వీధంతా ఒకే దడదడ. ఆ ఊరివాళ్లు ఒకరితో ఒకరు కొంచెం గట్టిగా మాట్లాడతారు, కోపం కాదు, అలవాటు. ఏకాంబరం తమ్ముడికి నాలుగు మగ్గాల షెడ్డుంది. సస్పెండయ్యాక ఏకాంబరం అక్కడే నేస్తున్నాడు. నేను వెళ్లేసరికి లంగా గుడ్డ నడుస్తున్న మగ్గం పక్కన నిలబడి, దాని చట్రం మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకుని ఉన్నాడు. నలభై ఐదేళ్ల మనిషి, అరవైలా అయ్యాడు.

ఇంట్లో ఆయన భార్య దేవకి పెరట్లో కూర్చుని దీపం కుందులు తోముతోంది. మర్నాడు శుక్రవారం. మా ఇంట్లో చింతపండూ బూడిదా వేసి తోముతాం. ఈవిడ చింతపండు తర్వాత ఇటుక పొడి వేసి కొబ్బరిపీచుతో రుద్దింది. కుందుల మీద అరిగిపోయిన పువ్వుల చెక్కడం కనీకనపడకుండా ఉంది. "మా అత్త కాలం నాటివి. తోమీ తోమీ పువ్వులు పోయినాయి," అంది. అందంగా ఉన్నాయన్నాను. నిజంగానే బంగారంలా మెరుస్తున్నాయి.

భోజనానికి కొళంబు అన్నం, వంకాయ పొరియలు. సగం అరవం, సగం తెలుగు, రెండు పేర్లకూ ఒకే రుచి. దేవకి నాకు వడ్డిస్తూ నెమ్మదిగా చెప్పింది. "అన్నం కాడ గూడా చేతులే సూసుకుంటా ఉంటాడు మేడం. ఆ ముక్క దొరికితే ఈయన తప్పు లేదని తెలిసిపోతాది గదా?"

"తెలుస్తుంది," అన్నాను.

ఏకాంబరం ముద్ద కలపడం ఆపాడు. భార్య లోపలికి వెళ్లేదాకా ఆగి, నా వైపు చూడకుండా అన్నాడు.

"మేడం, మీకు ఒక మాట చెప్తాను. నాకే తెలీదు."

"ఏం తెలీదు?"

"ఎట్ల పెట్టినానో. అన్ని బిళ్లలు పెట్టినా గదా ఇన్నేండ్లు. చెయ్యి పెట్టుకుంటా పోతాది, మనం సూడము. సరిగ్గానే పెట్టింటాననుకుంటా. కానీ ఆ ఒక్కటి నా చెయ్యి ఎట్ల పెట్టిందో నాకు గుర్తుకు రాలేదు. ఉద్యోగం పోతే పోనీ మేడం, మగ్గం ఉండాది. ఆ పిల్లోణ్ణి నేనే సంపినానా లేదా, అది తెలియల్ల నాకు."

నేను ఇతన్ని నిర్దోషిగా నిరూపించడానికి వచ్చాననుకున్నాను. ఇతను నాతో ఏర్పేడు వస్తున్నది దానికోసం కాదు. ఆ కొళంబులో ఉప్పుందో లేదో నాకు గుర్తులేదు.

తిరుపతి

తిరుపతిలో ఒక పూట ఆగాల్సి వచ్చింది. బస్టాండు నిండా గుండ్లు, చందనం, పసుపు గుడ్డలు. అరవం, కన్నడం, తెలుగు, మరాఠీ, అన్నీ ఒకే టీ అంగడి ముందు. దేశంలో జుట్టు లేనివాళ్లకు ఇంత మర్యాద ఉన్న ఊరు ఇంకొకటి ఉండదు. నా చెప్పులు హోటలు గుమ్మం దగ్గర మాయమయ్యాయి. గుళ్లోకి పోకుండానే గుడి ముందు పోయే చెప్పులు పోయాయి. రోడ్డు పక్క రబ్బరు చెప్పులు కొంటే అంగడివాడు బయటూరిదాన్నని రెట్టింపు చెప్పాడు. ఏకాంబరం అరవంలో ఏదో అన్నాడు, ధర సగానికి దిగింది.

బస్సు రేపైనా పట్టుకోవచ్చు. "కొండకు పోయొస్తారా? నేనిక్కడ కూర్చుంటా," అన్నాను. మంచి మనసుతోనే అన్నాను.

ఆయన తలెత్తి కొండ వైపు చూశాడు. "పోయి ఏమని మొక్కుకునేది మేడం? మచ్చ వాలు మింద ఉండల్ల స్వామీ అనా? అది ఆ పొద్దే పడిపోయినాది గదా. ఇంగ ఆయన మాత్రం ఏం సేస్తాడు."

నాకు దేవుడంటే పెద్ద పట్టింపు లేదు. అయినా ఆ మాట విని భయం వేసింది.

ఏర్పేడు దాటాక

ఏర్పేడు దగ్గర బస్సు దిగి ఎర్రమట్టి బాటన నడిచాం. దారిలో టీ కొట్టతన్ని అడిగితే చెయ్యి చూపించాడు. "గాలి వీరన్న కాడికా? ఆ మునెమ్మోళ్ల చేనులో ఉండాది రాయి. పిల్లలకు జరమొస్తే ఆడికే తీసకపోతారు." గాలి వీరన్న ఎవరని అడగబోయి ఆగాను. ఎవరో తెలిసింది. చచ్చిపోయిన పైలటు కుర్రాడికి ఆ ఊరు పెట్టుకున్న పేరది. మా వైపు అకాలంగా పోయిన వాళ్లకు మహా అయితే సంవత్సరీకాలు పెడతాం. ఇక్కడ వాళ్లకు రాయి నాటి, పేరు పెట్టి, ఊళ్లో మనిషిని చేసుకుంటారు.

ఏకాంబరం నా ముందు నడుస్తున్నాడు. రబ్బరు చెప్పులు కరిచి నా మడమ రక్తం కారుతోంది. ఆగమందామనుకున్నాను గాని ఆయన వీపు చూసి ఊరుకున్నాను.

మునెమ్మ చేను

చేను గట్టు మీద వేపమొక్క, దాని పక్కన నడుమెత్తు రాయి. రాయికి పసుపు, కుంకుమ, మెడలో ఎండిన చామంతి దండ. ముందర వరసగా పది పన్నెండు లోహపు ముక్కలు. రాయి నుదుట మైనంతో అతికించిన బొట్టు తళతళలాడుతోంది.

మా బిళ్ల. ఆకారం చూడగానే గుర్తుపట్టాను. ఏకాంబరం కూడా గుర్తుపట్టాడు. కానీ మచ్చపడ్డ ముక్క అలా మెరవకూడదని మరుక్షణం తట్టింది.

చేనులోంచి మునెమ్మ వచ్చింది. యాభై దాటిన మనిషి, చేతిలో కలుపు తీసే తొలికి, కొంగు నడుముకు దోపింది. "యవురమ్మా మీరు? ఆపీసోళ్లా? అన్నీ ఎత్తకపోయినారు గదా, ఇంగేముండాయి ఈడ?"

ఆఫీసు తరఫున కాదని, ఆ బొట్టును ఒకసారి చూడాలని చెప్పాను. ఎందుకన్నది. ముందు మీరు చెప్పండి, ఇదెట్లా దొరికిందన్నాను. గట్టున కూర్చోబెట్టి చెంబుతో మజ్జిగ ఇచ్చి చెప్పింది.

"నిరుడు మేము చెనిక్కాయ పెరకతా ఉంటిమి. పైన ఈల మాదిరి మోత. ఒక చెట్టు పెరికి మట్టి దులిపేంత సేపు ఉండాది ఆ మోత. ఆమైన పటేల్మనింది. ఆ పిల్లోడు బయట పడుండాడు. బతికే ఉండాడమ్మా. నోటికాడ చెయ్యి పెట్టి నీళ్లని సైగ జేసినాడు. నేను బోరుకాడికి పరిగెత్తినా. చెంబు తీసకొచ్చేలోపల పానం బోయింది." చెంగుతో మొహం తుడుచుకుంది. "దప్పికతో పోయినోడు ఆ నేలనే పట్టుకోనుంటాడని మా అత్త చెప్పేది. అందుకే రాయి నాటినాము. దినామూ నీళ్లు పోస్తాము."

"మరి ఆ బొట్టు?"

"వాన పడినాంక దున్నితే కర్రుకు తగిలినాది. నల్లగా మసి పట్టుకోనుండె. దేవునికి మసి ముక్క పెడతామా? చింతపండేసి తోమితే పోలే. మాయన సానరాయి మింద అన్ని పక్కలా బాగా అరగదీసినాడు. అప్పుడు తెల్లంగా వచ్చినాది. ఇంగ శుక్రారం శుక్రారం ఇటుకపొడేసి నేనే తోమతాను." ఆ మాటలో గర్వముంది. ఉండాల్సిందే కూడా.

నగరిలో దేవకి చేతిలోని కుందులు, అరిగిపోయిన పువ్వులు నా కళ్లముందు నిలిచాయి.

బొట్టు తియ్యడానికి మునెమ్మ మొదట ఒప్పుకోలేదు. ఒక మనిషి బతుకు దాని మీద ఆధారపడి ఉందని చెబితే ఆలోచించి, రాయికి దండం పెట్టి, గోటితో మైనం గీకి నా అరచేతిలో పెట్టింది. భూతద్దం పెట్టి చూశాను. వాలుల మీద గీతలు, చదును మీద గీతలు, అంచుల మీద గీతలు, అన్నీ సానరాయివే. సంచిలోంచి స్క్రూగేజి తీసి కొలిచాను. మచ్చ లోతు వెంట్రుకలో కొసరంత ఉంటుంది. సానరాయి దానికి ఎన్నో రెట్లు తినేసింది, అన్ని పక్కలా, ఏ పక్కకూ పక్షపాతం లేకుండా. ఏ ప్రయోగశాలకు తీసుకుపోయినా ఇక కనపడేది మునెమ్మ మొగుడి సానరాయే. బెంగుళూరు వెళ్లాక కమిటీకి ఇదంతా ఉన్నదున్నట్టు రాసిచ్చాను, కావాలంటే వెళ్లి చూసుకోమన్నాను. ఇంతవరకు ఎవరూ వెళ్లలేదు. కారణం తెలియదని రాసి విచారణ మూసేశారు. ఏకాంబరాన్ని మళ్లీ పనిలోకి రమ్మన్నారు. ఆయన వెళ్లలేదు.

"యా పక్క ఉండాది మేడం?" నేను స్క్రూగేజి దించగానే అడిగాడు ఏకాంబరం.

అబద్ధం చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. వాలు మీద ఉందని ఒక్క మాట. కానీ ఆయన ఆ భూతద్దం తీసుకుని తనే చూస్తాడని తెలుసు. ఆ ముక్క నాకంటే ఆయనకే బాగా తెలుసు.

"ఏ పక్కా లేదు ఏకాంబరంగారూ. ఇక తెలియదు."

ఆయన బిళ్లను తీసుకుని తిప్పితిప్పి చూశాడు. మునెమ్మ మా ఇద్దరి మొహాలూ మార్చిమార్చి చూసింది. ఆమెకు ఏదో అర్థమైంది. "ఏమమ్మా? మేము తోమింది తప్పయినాదా?"

నేను నోరు తెరిచేలోపే ఏకాంబరం అన్నాడు. "లేదు తల్లీ. మసి పట్టింది, తోమినారు. అంతే." కొంచెం ఆగి, "ఇది ఇంజనులో పెట్టింది నేనే. సరిగ్గా పెట్టినానో లేదో తెలుసుకుందామని వచ్చినా," అన్నాడు.

మునెమ్మ తిడుతుందనుకున్నాను. తన చేనులో, తను నీళ్లు తెచ్చేలోపే పోయిన పిల్లవాడు. ఆమె లేచి బోరు దగ్గరికి పోయి చెంబు నిండా నీళ్లు తెచ్చి ఏకాంబరం చేతికిచ్చింది. "పొయ్యి నాయనా. నువ్వు పొయ్యి."

ఆయన రాయి మొదట్లో నీళ్లు పోశాడు. సగం నీళ్లు తన పాదాల మీదే పడ్డాయి. ఎర్రమన్ను నీళ్లను ఇట్టే తాగేసింది. మునెమ్మ ఇంకో చెంబు తెచ్చింది. అదీ పోశాడు. అప్పుడే ఏడ్చాడు, నోరు తెరిచి, చిన్నపిల్లవాడిలా. నేనూ ఏడ్చాను. రాయడానికి సిగ్గేమీ లేదు.

తర్వాత మునెమ్మ కొత్త మైనం ముద్ద అరచేతిలో నలిపి మెత్తగా చేసి రాయి నుదుట అద్దింది. బొట్టు పెట్టమంది. ఏకాంబరం వేళ్ల మధ్య బిళ్ల పట్టుకుని చెయ్యి చాచాడు. చెయ్యి మధ్యలో ఆగిపోయింది. వాలు పక్క తిప్పాడు. చదును పక్క తిప్పాడు. మళ్లీ వాలు పక్క.

"ఎట్ల పెట్టేది తల్లీ? యా పక్క బయటికి?"

"ఎట్ల పెట్టినా ఒకటే నాయనా ఇప్పుడు," అంది మునెమ్మ.

ఆయన పెట్టలేకపోయాడు. చెయ్యి చాచినట్టే ఉండిపోయింది. చివరికి ఆమే ఆయన వేళ్లలోంచి బిళ్ల తీసుకుని, ఏ పక్కో చూడకుండా, రాయికి అద్దేసింది.